అమ్మమ్మ కాగితంలో లేని మాట

ప్రశ్న: మేడమ్, చిన్నప్పుడు సెలవులకి వెళ్తే అమ్మమ్మ కేకు చేసేది, నేను స్టూలెక్కి పక్కనే నిలబడేదాన్ని. మైదా జల్లించడం నా పని, ఆఖర్న గిన్నె నాకడం కూడా నా పనే. ఆవిడ పోయాక ఆవిడ రాసుకున్న కాగితం దొరికింది. అందులో ఉన్నట్టే 2 కప్పుల మైదా, కప్పు పంచదార, కప్పు వెన్న, 4 గుడ్లు, బేకింగ్ పౌడర్ అన్నీ వేసి మూడుసార్లు చేశా, మూడుసార్లూ ఇటుకే. వాసన మాత్రం అచ్చం అదే, ఓవెన్ ముందు కూర్చుని ఏడ్చేశాను. తప్పెక్కడ జరుగుతోంది?

జవాబు: నా అనుమానమంతా మైదా మీదే అండీ. జల్లించడం మీ పని అని మీరే రాశారు, మరి ఇప్పుడు జల్లిస్తున్నారా? కాగితంలో ఆ మాట లేదు, ఎందుకుంటుంది, ఆ పనికి స్టూలు మీద మీరున్నారుగా! జల్లించిన మైదాని స్పూన్‌తో కప్పులో పోస్తే 120 గ్రాములు, అటూ ఇటూగా. అదే కప్పుని డబ్బాలో ముంచి నొక్కి తీస్తే 150 దాకా తూగుతుంది, అంటే 2 కప్పులకి 60 గ్రాములు ఎక్కువ పడిపోతోంది, ఇంక ఇటుక రాక ఏమొస్తుంది చెప్పండి. పైగా ఆవిడ కప్పు అంటే ఏ కప్పో, కొలత కప్పో టీ కప్పో ఎవరికి తెలుసు.

రెండోది వెన్న. ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి వెన్న పనికిరాదు, వేలు పెడితే దిగేంత మెత్తబడాలి, అప్పుడు పంచదారతో కలిపి తెల్లగా నురగలా అయ్యేదాకా గిలకొట్టాలి. వెన్నలోకి గాలి బుడగలు చేరేది అప్పుడే, బేకింగ్ పౌడర్ చేసేదల్లా ఉన్న బుడగల్ని ఉబ్బించడం, అసలు బుడగలే లేకపోతే అదేం చేస్తుంది పాపం. మైదా వేశాక మాత్రం గట్టిగా కలపకండి, పొడి కనపడకుండా పోతే చాలు, ఇంకా తిప్పితే మైదాలో ఉండే జిగురు ప్రొటీన్, అదే గ్లూటెన్, సాగి కేకు రబ్బరులా అవుతుంది. ఓవెన్ ముందే 180 డిగ్రీలకి వేడెక్కి ఉండాలి.

వాసనంటారా, అది పిండి పొంగిందా లేదా చూడదు, వెన్నా పంచదారా గుడ్లూ వేడికి ఎర్రబడితే చాలు వచ్చేస్తుంది. పైగా చూసినవీ విన్నవీ మెదడులో ఓ చుట్టు తిరిగి వెళ్తాయి గానీ వాసన దాదాపు నేరుగా జ్ఞాపకాలు, ఎమోషన్స్ ఉండే చోటికే పోతుంది, అందుకే కేకు చెడినా ఏడుపు మాత్రం కరెక్ట్‌గా వచ్చింది మీకు.

అన్నట్టు గిన్నె నాకడం మాత్రం మీ పిల్లలకి అలవాటు చెయ్యకండి, పచ్చి గుడ్లలోనే కాదు పచ్చి మైదాలో కూడా రోగం తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు (నేనూ నాకినదాన్నే లెండి).

ఈసారి 240 గ్రాముల మైదా తూచి వేసి చూడండి. ఈలోగా అమ్మమ్మగారి సామాన్లు ఇంకోసారి వెతకండి, ఆ కప్పు ఏ డబ్బాలోనో ఉండే ఉంటుంది.