వెనిస్‌లో నువ్వు వదిలేసిన జనం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వెనిస్ వ్యాసం చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. కానీ రెస్టారెంట్ దగ్గర ఒక మాట చూసి ఆగిపోయాను. "మాకు వడ్డించిన బంగ్లాదేశ్ కుర్రాడు హిందీలో మాట్లాడి ఆశ్చర్యపరిచాడు." అంతే, ఆ వెంటనే సూర్యాస్తమయం గురించి పేజీన్నర! నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ కుర్రాడు ఎక్కడుంటాడమ్మా? పాత వెనిస్‌లో అద్దెలు కట్టడం అలాంటివాళ్లకు కష్టం. చాలామంది నీళ్ల మీది పొడవాటి వంతెన అవతల, ఒడ్డునున్న మేస్త్రేలో ఉండి, రోజూ రైల్లోనో బస్సులోనో పనికొస్తారు. ఆ పక్కనే మార్గేరాలో ఓడలు కట్టే యార్డు ఉంది. అందులో పనికోసం వచ్చిన బంగ్లాదేశ్ కుటుంబాలు మేస్త్రేలో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. ఇక ఊరివాళ్లా? 1950ల మొదట్లో పాత నగరంలో సుమారు 1,75,000 మంది ఉండేవారు. ఇప్పుడు 50,000 కూడా లేరు. రియాల్టో వంతెనకు దగ్గర్లో ఒక మందుల షాపు అద్దంలో ఆ లెక్క చూపించే బోర్డు పెట్టారు. వంతెన మీద ఫోటో దిగినదానివి, నాలుగడుగులు వేస్తే అది కనిపించేది.

"ఈ జనం లేకుంటే ఎంత బాగుండేదో" అని పదేపదే రాశావు. ఆ జనంలో నువ్వూ ఉన్నావు కదా! ఒక్కరోజు చూసి వెళ్లిపోయేవాళ్ల దగ్గర, రద్దీ రోజుల్లో 5 యూరోలు తీసుకోవడం 2024 ఏప్రిల్ 25న మొదలుపెట్టారు. నువ్వు కట్టావా? సాన్ మార్కో చర్చి దగ్గర లైన్లో నీ ముందున్నవాళ్లు ఏ ఊరివాళ్లు, పిల్లలు ఏడిస్తే ఏం కొనిపెట్టారు? యాత్రా రచనకు జనమే ముడిసరుకు. ఇది నా గట్టి నమ్మకం, ఎవరు కాదన్నా వదలను. అక్కడి గంటగోపురం ఎత్తు రాశావు సరే, అది 1902లో కుప్పకూలితే 1912 కల్లా మళ్లీ కట్టుకున్న మనుషుల గురించి ఒక్క ముక్కైనా లేదు.

ఆ ఊరివాడే మార్కో పోలో. మన మోటుపల్లి సీమ గురించి చెబుతూ ఏం చెప్పాడు? న్యాయంగా ఏలే రాణి, వజ్రాలు, సాలెగూడంత పలచని బట్ట. మనుషులు, వాళ్ల సరుకు. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా మనం దాన్ని తలుచుకుంటున్నాం.

నా మొదటి కాశీ వ్యాసంలో పడవవాడి అప్పుల గురించి రాశాను. ఆఫీసులో జీతం నష్టానికి సెలవు పెట్టి వెళ్లిన ప్రయాణం అది. ఒక వారపత్రిక ఎడిటర్ ఆ భాగం మొత్తం కొట్టేశాడు. "పాఠకులకు భక్తి కావాలండీ, పడవవాడి గోల ఎందుకు?" అన్నాడు. పారితోషికం తిప్పి పంపేద్దామనుకున్నాను. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి, తీసుకున్నాను. ఇప్పటికీ ఆ బాధ పోలేదు. ఈ రోజుల్లో ఎడిటర్లు ఆ మాటైనా చెప్పరు, "ఎవరికీ తెలియని పది చోట్లు" రాసిమ్మంటారు. నువ్వు రాయకు.

తిండి సంగతి. సార్దే ఇన్ సావోర్ తిన్నావట, "బాగుంది" అన్నావు. వేయించిన సార్డీన్ చేపల మీద ఉల్లిపాయలు, వెనిగర్, ఎండుద్రాక్ష వేసి నానబెడతారు. సముద్రం మీద రోజుల తరబడి పాడవకుండా ఉండాలని ఓడవాళ్లు చేసుకున్న వంట. చేపల పులుసు మర్నాటికి ఎలా మారుతుందో తెలిసిన ఇంట్లో పుట్టావు, ఆ పులుపు నాలుక మీద ఎలా తగిలిందో రాయలేవా? కూర్చున్నందుకు కోపెర్తో అని బిల్లులో ఎంత వేశారో కూడా రాయి.

పుస్తకంగా వేయొచ్చా అని అడిగావు. ముందు ఆ రెస్టారెంట్ పేజీ మళ్లీ రాయి. కుర్రాడు ఏం మాట్లాడాడో గుర్తున్నంతవరకే రాయి, కల్పించకు. ఇల్లెక్కడని అడగకపోతే అడగలేదనే రాయి. దసరా లోపు పంపు, ఆ తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు