బిల్లులో ఆదా, బ్యాంకులో సున్నా

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, మావారు పేపర్ మిల్లులో కాంట్రాక్టు ఉద్యోగి. ఇద్దరికీ కలిపి నెలకు 39,500 వస్తుంది. తప్పనిసరి ఖర్చులు 27,000. నెల సరుకులు పార్వతీపురంలో ఒక పెద్ద స్టోర్‌ నుంచి తెచ్చుకుంటాం. 9,500 దాకా అవుతుంది, క్రెడిట్ కార్డు మీదే తీసుకుంటాం. ఏడాదిగా కూడబెట్టిన 1,140 పాయింట్లు గడువు దాటిందని తీసేశారు. ర్యాక్ దగ్గర ఒక ధర, బిల్లులో ఇంకో ధర. ఇప్పుడు వాళ్ల సొంత కార్డు తీసుకుంటే ఐదు రెట్ల పాయింట్లు అంటున్నారు. తీసుకోమంటారా? పాత కార్డు మీద 41,000 బాకీ ఉంది, అత్తగారి ఆపరేషన్‌కు విశాఖలో వాడాం. మినిమం కడుతున్నాం. మావారు లోన్ యాప్‌లో తీసి కట్టేద్దాం అంటున్నారు. నగల షాపు స్కీములో నెలకు 2,000 చొప్పున ఏడు నెలలు కట్టాం.

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని పైన బాగా కుదించాను. అసలు ఉత్తరంలో పాయింట్ల గురించి రెండు పేజీలు, 41,000 బాకీ గురించి ఒకటిన్నర లైన్లు ఉన్నాయి. ఈ తప్పు మీ ఒక్కరిదే అయితే ఇక్కడ జవాబు రాసేవాణ్ణి కాదు. నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాగే ఉంటాయి.

ముందు లెక్క చూద్దాం. వందకు ఒక పాయింటు, పాయింటుకు 50 పైసలు అని మీరే రాశారు. అంటే మీరు పోగొట్టుకున్నది 570 రూపాయలు. మీ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం. 41,000 మీద 1,435, దాని మీద 18 శాతం జీఎస్టీ 258, మొత్తం 1,693. మూడేళ్ల పాయింట్లు ఒక్క నెల వడ్డీకే దాదాపు సరిపోతున్నాయి. ఐదు రెట్లు ఇచ్చినా ఏడాదికి మూడు వేలు దాటవు. పైగా బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది, మామూలుగా ఇచ్చే గడువు రోజులు ఉండవు. పాయింట్ల కోసం కార్డు మీద కొన్న కందిపప్పుకు కూడా మీరు వడ్డీ కడుతున్నారన్నమాట. కొత్త కార్డు వద్దు. పాత కార్డును బీరువాలో పెట్టి తాళం వేయండి.

లోన్ యాప్ మాట ఇంట్లో ఇంకోసారి రానివ్వకండి. పెనం మీంచి పొయ్యిలో పడటమంటే ఇదే. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుని మిగతాది చేతిలో పెడతారు. వాయిదా ఒక్క రోజు ఆలస్యమైతే ఫోన్లు మొదలు. మరీ తప్పనిసరైతే ఇంట్లో ఉన్న బంగారం మీద బ్యాంకులో తీసుకోండి, కార్డు వడ్డీతో పోలిస్తే అది చాలా తక్కువ. స్టోర్ వాళ్లు చెప్పే నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేని వాయిదాలు) కూడా అంతే. సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేనే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది.

ఇక ధరల గొడవ. ఈ కోపం న్యాయమైనదే. మీరు పంపిన ఫొటోలో టీపొడి కిలో ప్యాకెట్ ఎమ్మార్పీ 680, మెంబర్లకు 100 తగ్గించి 580. పక్కనే పావుకిలో ప్యాకెట్ ఏ ఆఫరూ లేకుండా 140. నాలుగు పావుకిలోలు 560! ఎర్ర స్టిక్కర్ ఉన్నదే ఎక్కువ రేటు. ప్యాకెట్ మీద గ్రాముకు లేదా కిలోకు ఎంత అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది ఎమ్మార్పీ మీద వేసిన లెక్క కాబట్టి తగ్గింపు ధరకు మీరే ఫోన్‌లో భాగించుకోవాలి. ర్యాక్ ధరను ఫొటో తీసుకుని, డబ్బు కట్టకముందే కౌంటర్లో అడగండి. మెంబర్ ధర 1,499 దాటిన బిల్లుకే అని అప్పుడు చెబితే వస్తువు అక్కడే వదిలేయండి. ఎమ్మార్పీ మీద ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా చట్టవిరుద్ధమే, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. స్టోర్ ఆంధ్రాలో ఉన్నా మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, కొన్న విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కానీ 570 రూపాయల పాయింట్ల కోసమైతే ఒక ఫిర్యాదు పెట్టి ఊరుకోండి. (నన్ను పెద్ద తెలివైనవాడనుకోకండి. ఒకటి కొంటే ఒకటి ఉచితమని తెచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు ఆరు మా అటక మీద ఇప్పటికీ ఉన్నాయి. మూతలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.)

నన్ను అసలు కలవరపెట్టింది మీ బిల్లు చివరి లైను. 'ఈ బిల్లులో మీరు ఆదా చేసింది రూ. 612.' ఏడాదిగా ప్రతి నెలా ఇలాంటి లైనే చూసి సంతోషపడ్డామని రాశారు. మరి అత్తగారిని విశాఖ తీసుకెళ్లిన రాత్రి, ఆసుపత్రి కౌంటర్లో అడ్వాన్స్ కట్టమన్నప్పుడు ఆ ఆదా అంతా ఏమైంది? పదివేలు కూడా విడిగా లేక కార్డు గీకారు. మీ కష్టం అక్కడ మొదలైంది. ఈ బాకీ తీర్చి చేతులు దులుపుకుంటే, తర్వాత ఎవరికి జ్వరం వచ్చినా మళ్లీ అదే కార్డు బయటికి వస్తుంది. కాంట్రాక్టు ఉద్యోగం ఉన్న ఇంటికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. మీకది 1,62,000. సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో వేసే డబ్బు), పాప పేరు మీద పాలసీలు, ప్లాటు అన్నీ దాని తర్వాతే. నేను ప్రతివారం ఇదే పాట పాడతానని విసుక్కునేవాళ్లున్నారు, పరవాలేదు.

ఖర్చులు పోగా మీకు మిగలాల్సింది 12,500. నగల స్కీము ఆపి, కట్టిన 14,000 వెనక్కి ఇస్తారేమో అడగండి. ఇస్తే నేరుగా కార్డుకు కట్టేయండి. నగే ఇస్తామంటే మిగిలిన వాయిదాలు కట్టి అక్కడితో వదిలేయండి, కొత్తది మొదలుపెట్టకండి. 14,000 వెనక్కి వస్తే బాకీ 27,000కు దిగుతుంది, నెలకు పదివేలు కడితే మూడు నెలల్లో వడ్డీతో సహా తీరిపోతుంది. ఆ మూడు నెలలూ 2,500 మాత్రం ఆరు నెలల ఖర్చు కోసం పెట్టే నిధికే వెళ్లాలి. బాకీ ఉండగా పొదుపేమిటని మావారు అడుగుతారంటారేమో. ఆ 2,500 లేకపోతే మధ్యలో వచ్చే చిన్న ఖర్చుకు మళ్లీ కార్డే దిక్కు. బాకీ తీరాక 12,500 మొత్తం అటే వెళ్లాలి, ఇంచుమించు ఏడాదిలో నిధి నిండుతుంది. ఈ డబ్బు జీతం పడే ఖాతాలో వద్దు. పోస్టాఫీసులోనో ఇంకో బ్యాంకులోనో వేరే ఖాతా తెరిచి, దాన్ని ఫోన్ చెల్లింపులకు కలపకండి.

ఆరోగ్య బీమా గురించి ఒక్క మాట. మీది ఒడిశా రేషన్ కార్డు, ఆంధ్రా ప్రభుత్వ పథకం మీకు వర్తించదు. ఆయుష్మాన్ కార్డుకు అర్హత ఉందేమో చూసుకోండి. అది రాష్ట్రం దాటినా, ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో చెల్లుతుంది. అర్హత లేకపోతే, మీరు వెళ్లే విశాఖ ఆసుపత్రి జాబితాలో ఉన్న పాలసీ తీసుకోండి.

ఇకనుంచి సరుకులు తెచ్చిన రోజు, బిల్లు కింద ఆదా అని ఎంత రాసి ఉంటే అంత డబ్బు ఆ రాత్రికల్లా ఈ కొత్త ఖాతాలోకి పంపండి. పంపడానికి డబ్బు లేదంటే ఆ బిల్లులో మీరు ఆదా చేసింది ఏమీ లేదు. పోయిన నెలది ఎలాగూ 612 ఉంది కదా, దానితోనే ఖాతా తెరవండి.