తల అట్లాస్ చేయబోతున్న సింధుకు పెద్దమ్మ ఉత్తరం

అమ్మా సింధూ,

మనిషి తలను, లోపలి మెదడుతో సహా కంప్యూటర్లో అన్ని వైపులా తిప్పి చూసుకునేలా తెలుగులో త్రీడీ అట్లాస్ చేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎదురింటివాళ్లను పిలిచి మరీ చెప్పాను. సాయంత్రానికి టెన్షన్ పట్టుకుంది. అమలాపురంలో తెలిసినవాళ్ల స్కాన్ సెంటర్ నుంచి ఎమ్మారై తెచ్చుకుంటావట, ఒక్క మంచి స్కాన్ దొరికితే చాలన్నావట. ఆ రెండు మాటలే నన్ను కూర్చోనివ్వడం లేదు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. మొదటి రోజే ఎడమ, కుడి గుర్తులు పెట్టుకో. స్కాన్ ఫిల్ములో రోగి ఎడమ మనకు కుడిచేతి వైపు కనిపిస్తుంది. తెలుగు పేరు పక్కన లాటిన్ పేరు కూడా ఉంచు, పిల్లలు పరీక్షలో రాయాల్సింది అదే. పన్నెండు జతల కపాల నరాలను, పుర్రెలో అవి దూరే రంధ్రాలతో కలిపి చూపించు.

ఇక ఆ ఒక్క స్కాన్ సంగతి. ఫ్రాన్సులో తలైరాక్, టూర్నూ అనే ఇద్దరు 1988లో మెదడు అట్లాస్ ఒకటి వేశారు. అరవయ్యేళ్ల ఒకావిడ చనిపోయాక ఆమె మెదడును కొలిచి గీసినది అది. మెదడు నడిమధ్యలో ముందొకటి, వెనకొకటి రెండు చిన్న నరాల కట్టలుంటాయి. వాటిని కలిపే గీతను ఆధారం చేసుకుని, మెదడులో ఏ చోటుకైనా మూడు అంకెల్లో చిరునామా ఇచ్చారు. లోతుగా వెళ్లి ఆపరేషన్ చేసే సర్జన్లకు అది చాలా ఉపయోగపడింది. వాళ్ల పనిని నేను తక్కువ చేయను. తప్పు తర్వాతివాళ్లది. స్కాన్లు పెరిగాక, ఎవరి మెదడునైనా సాగదీసో కుదించో ఆ ఒక్క ఆవిడ కొలతల్లోకి దూర్చేశారు. చనిపోయాక పాడవకుండా ఫార్మలిన్ అనే మందు నీళ్లలో ఉంచిన మెదడు కొలతలు, బతికున్నవాళ్ల మెదడు కొలతలు ఒకటి కావని తెలిసి కూడా! పైగా ఆ అట్లాస్‌లో రెండు సగాలూ ఒకేలా ఉన్నట్టు లెక్క. అలా ఉండవని 1968లోనే గెష్విండ్, లెవిట్‌స్కీ నూరు మెదళ్లు కొలిచి చూపించారు. కణత లోపల, మాటకు సంబంధించిన ఒక చోటు 65 మెదళ్లలో ఎడమ పక్కే పెద్దది. తెలిసిన సంగతిని పక్కన పెట్టి ఏళ్ల తరబడి పని నడిపించారంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

తర్వాత కెనడాలో మాంట్రియల్ పరిశోధకులు వందల స్కాన్లు కలిపి సగటు మెదడు తయారుచేశారు. అదీ అక్కడివాళ్ల తలలతోనే. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీవాళ్లు 2019లో నూరుమంది భారతీయుల స్కాన్లతో అట్లాస్ చేసి చూస్తే, మన మెదడు ఎత్తు, వెడల్పు, పరిమాణం సగటున పాశ్చాత్యుల కంటే తక్కువని తేలింది. తెలివికీ దీనికీ సంబంధం లేదు, ఇవి కొలతలు. ఆ కొలతలు తప్పితే ఆపరేషన్ బల్ల మీద నష్టపోయేది మనవాళ్లే. బయటినుంచి వచ్చినవాడికి కొబ్బరితోటలో చెట్లన్నీ ఒకటే, చెట్టెక్కి కాయలు దింపు తీసేవాడికి ఏ రెండూ ఒకటి కావు. నువ్వు దింపు తీసేవాడిలా చూడాలి తల్లీ. మెదడు అడుగున రక్తనాళాల వలయం ఉంటుంది కదా, పుస్తకంలో వేసినట్టు పూర్తిగా ఉండేది సగంమందిలో కూడా కాదు. ఒక్క బొమ్మ పెట్టి ఊరుకోకు, తేడాలు కూడా చూపించు.

నేను కాకినాడలో అనాటమీ చెప్పే రోజుల్లో, లంక గ్రామాల వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్ల నాన్న కోరిక ప్రకారం దేహాన్ని మాకిచ్చిన కుటుంబం. లోపలికి రానన్నాడు. "నాన్న ఉన్న గది ఏది మేడం?" అని అడిగి, డిసెక్షన్ హాలు తలుపు చూసి దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏ బ్యాచ్‌కైనా మొదటి క్లాసు ఆ అబ్బాయి గురించే చెప్పేదాన్ని.

నీ స్కాన్ కూడా ఒకరి నాన్నదో అమ్మదో. పేరు, వయసు చెరిపేస్తే సరిపోతుందనుకుంటున్నావేమో. ఎమ్మారైలో చర్మం కూడా పడుతుంది. దాన్ని త్రీడీ చేస్తే ముక్కు, పెదవులు, గడ్డం అన్నీ లేచి వస్తాయి. 2019లో అమెరికాలో 84 మంది స్కాన్ల నుంచి ఇలా ముఖాలు తీసి, ఫొటోలతో పోల్చే సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే 83 శాతం మందిని సరిగ్గా గుర్తుపట్టింది. మన కోనసీమలో సాఫ్ట్‌వేర్ ఎందుకు? రావులపాలెం బస్టాండులో ఎవరికి చూపించినా ఇంటిపేరుతో సహా చెప్పేస్తారు. ఆ మనిషి మెదడులో గడ్డ ఉందని కూడా అప్పుడే ఊరంతా తెలుస్తుంది. పెళ్లి కావాల్సిన పిల్లైతే ఏమవుతుందో ఆలోచించు.

ముఖం చెరిపే పద్ధతులున్నాయి. కానీ నీది తల అట్లాస్, ముఖం కండరాలు లేకుండా ఎలా? అందుకే ఇలా చెయ్యి. ముఖం, పుర్రె చాలామంది స్కాన్ల సగటుతో కట్టు, అప్పుడది ఎవరి ముఖమూ కాదు. సగటులో మెదడు ముడతలు అలుక్కుపోతాయి కాబట్టి, వాటికి మాత్రం ఆరోగ్యంగా ఉన్న ఒకరిద్దరు వాలంటీర్ల స్కాన్లు తీయించు. ఏం చేస్తున్నావో, ఎక్కడ పెడుతున్నావో వాళ్లకు అర్థమయ్యే తెలుగులో చెప్పి సంతకం తీసుకో. దానికి ముందు, మనుషుల మీద చేసే పరిశోధన సబబో కాదో చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి. ఆలస్యమవుతుంది, అవనీ.

ఆ సెంటర్‌వాళ్లు పెన్‌డ్రైవ్ ఇస్తామన్నా తీసుకోకు. సంతకాల ఫారం నేను తెలుగులో రాసి ఉంచుతాను, వచ్చే ఆదివారం వచ్చి చూసుకో. నీ మోడల్లో చిన్నమెదడు ఎలా వచ్చిందో నాకూ చూడాలని ఉంది, ల్యాప్‌టాప్ తెచ్చుకో. రాత్రి రెండింటిదాకా స్క్రీన్ ముందే ఉంటున్నావట. అలా చేయకు, కళ్లు పరీక్ష చేయించుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ