రాజమతమా, రాజ్యమతమా?

సందేహం: గ్రూప్స్‌కి ప్రపంచ చరిత్ర చదువుతున్నాను. ఒక పుస్తకంలో ‘పర్షియా రాజమతం జొరాస్ట్రియన్’ అని, ఇంకో దాంట్లో ‘ఇరాన్ రాజ్యమతం షియా’ అని ఉంది. రాజమతం, రాజ్యమతం ఒకటేనా? ‘సఫావిద్’ అనాలా, ‘సఫవీ’ అనాలా? పారసీకమా, పారశీకమా?

సమాధానం: చివరిది ముందు తేల్చేద్దాం. పర్షియా అంటే నేటి ఇరానే. దాని పాత పేరు ‘పార్స’. సంస్కృతంలో అది పారసీకం అయింది. రఘువంశంలో కాళిదాసు వాడిందీ ‘స’కారమే. తెలుగులో ‘పారశీకం’ బాగా పాతుకుపోయింది కాబట్టి తప్పని కొట్టెయ్యలేను గానీ, నేను మాత్రం ‘స’ రాస్తాను. అరబ్బీలో ‘ప’ లేదు. అందుకే పార్స్ ఫార్స్ అయింది, భాష ఫార్సీ అయింది. మన దేశానికి వలస వచ్చిన పార్సీల పేరులో ఆ పాత ‘ప’ అలాగే ఉండిపోయింది.

ఇక అసలు సంగతి. రాజమతం అంటే రాజుగారు పాటించే మతం. రాజ్యమతం అంటే ప్రభుత్వం ‘ఇదే మా మతం’ అని ప్రకటించి, చట్టంతోనో కత్తితోనో నిలబెట్టింది. రెండూ ఒక్కోసారి కలుస్తాయి, అంతమాత్రాన ఒకటి కావు. ఇరాన్ చరిత్ర చూస్తే ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

క్రీ.పూ. 550–330 మధ్య ఏలిన హఖామనిషుల్లో (ఇంగ్లీషు పుస్తకాల్లో అకీమెనిడ్‌లు) డేరియస్, బిసుతూన్ కొండ మీద చెక్కించిన శాసనంలో ‘అహురమజ్ద దయవల్ల నేను రాజును’ అని పదే పదే చెప్పుకున్నాడు. అహురమజ్ద అంటే జొరాస్ట్రియన్ల దేవుడు. కానీ అతని కాలపు పర్సెపొలిస్ మట్టిపలకల్లో హుంబాన్ వంటి ఏలాము దేవతల పూజకు కూడా ఖజానా నుంచి సరుకులు ఇచ్చిన లెక్కలున్నాయి. అంతకుముందు సైరస్, బాబిలోన్‌లో మర్దూక్ దేవుణ్ణి పొగిడాడు. దీన్ని రాజమతం అనొచ్చు, రాజ్యమతం అనడానికి నాకు చెయ్యి రాదు.

సాసానీయులతో (క్రీ.శ. 224–651) లెక్క మారింది. వాళ్ల వెండి నాణెం చూడండి. ఒకవైపు కిరీటం పెట్టుకున్న రాజు తల, రెండోవైపు అగ్నివేదిక. రాజు తల చుట్టూ ‘మజ్దయస్నుడైన ప్రభువు’, అంటే మజ్దను పూజించే ప్రభువు అని పహ్లవీ లిపిలో రాత. ఆ ‘యస్న’ మన ‘యజ్ఞ’కు తోబుట్టువే. ‘అహుర’ మన ‘అసుర’! అక్కడ దేవుడు, ఇక్కడ రాక్షసుడు. మూడో శతాబ్దంలో కర్తీర్ అనే పూజారి, యూదులను, బౌద్ధులను, బ్రాహ్మణులను, క్రైస్తవులను, మానీ అనే ప్రవక్త మతస్థులను ఎలా అణిచిందీ రాతి మీద గర్వంగా చెక్కించుకున్నాడు. అయితే 410లో మొదటి యజ్దగిర్ద్ హయాంలో క్రైస్తవుల చర్చికి గుర్తింపు కూడా దొరికింది. కాబట్టి ఇక్కడ ‘రాజ్యమతం’ అనొచ్చు, కాస్త జాగ్రత్తగా.

జాగ్రత్తలేమీ అక్కర్లేకుండా రాజ్యమతం అనదగ్గది సఫవీలది. 1501లో తబ్రీజ్‌ను పట్టుకున్న ఆ వంశ స్థాపకుడు ఇస్మాయిల్‌కు అప్పటికి పద్నాలుగేళ్లు. జనంలో ఎక్కువమంది సున్నీలు. అయినా పన్నెండు ఇమాముల షియా మార్గమే రాజ్యానిదని ప్రకటించాడు. బోధించేవాళ్లు చాలక, తర్వాతి కాలంలో లెబనాన్‌లోని జబల్ ఆమిల్ నుంచి పండితులను రప్పించుకున్నారు. వంశాలు మారినా చివరికి ఈ మతమే నిలిచింది. 1907 నాటి రాజ్యాంగ అనుబంధంలో ఉంది, 1979 రాజ్యాంగం 12వ అధికరణంలోనూ ఉంది. ఆ ఏడాదే పహ్లవీ వంశం పోయింది. రాజే లేకపోయాక ‘రాజమతం’ అని ఎలా అంటాం? రాజ్యమతమే.

మన గోల్కొండను పక్కన పెట్టి చూడండి. కుతుబ్‌షాహీ వంశ మూలపురుషుడు సుల్తాన్ కులీ, హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. వీళ్లూ షియాలే. మసీదులో శుక్రవారం చదివే ప్రసంగం ఖుత్బాలో ఇరాన్ షా పేరు చదివించేవారు. 1636లో షాజహాన్ ఒత్తిడి తెచ్చి మాన్పించాడు. ప్రజల్లో అత్యధికులు మాత్రం హిందువులు. వాళ్ల మతాన్ని మార్చే పని ఈ సుల్తానులు పెట్టుకోలేదు. ఇది రాజమతానికి చక్కటి ఉదాహరణ.

వంశాల పేర్ల దగ్గర మనవాళ్లకు ఒక టెన్షన్. ఇంగ్లీషులో ఎలా ఉంటే అలాగే దించకపోతే మార్కులు పోతాయేమోనని. ‘సఫావిద్’ చివరి ‘ఇద్’ గ్రీకు నుంచి వచ్చిన తోక, ‘ఫలానావాడి సంతతి’ అని దాని అర్థం. ఫార్సీలో సఫవీ అనే అంటారు. సాసాన్ వంశీయులు సాసానీయులు, మన కాకతీయుల్లాగే. కుతుబ్‌షాహీలను ‘కుతుబ్‌షాహిద్‌లు’ అని మనం రాయడం లేదు కదా! పరీక్షలో ఆప్షన్లలో ‘సఫావిద్’ అని ఉంటే మాత్రం వాదన పెట్టుకోకుండా దాన్నే గుర్తించి రండి.