‘మాకొద్దీ’లో దీర్ఘం, పాటలో ‘అండి’

సందేహం: ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పాటను బడిలో పిల్లలకు నేర్పుతున్నాం. ‘మాకొద్దీ’లోని దీర్ఘం రాగం కోసమేనా? చరణాల్లో వరసగా ‘అండి’ వస్తుంది కాబట్టి రాసింది గోదావరి మనిషేనని మా పెద్దలంటారు. నిజమేనా?
– ఒక ఉపాధ్యాయురాలు, అంబాజీపేట

సమాధానం: దీర్ఘం రాగానిది కాదమ్మా, ‘ఈ’ అనే మాటది. మాకు + ఒద్దు + ఈ, రెండుచోట్లా ఉత్వసంధే. ‘వద్దు’ను నోటి పలుకులో ‘ఒద్దు’ అంటాం కదా. హ్రస్వం చేసి పాడితే ‘ఈ తెల్లదొరతనము’ అని వేలెత్తి చూపడం పోతుంది. ‘దొరతనం’ అంటే దర్జా అనుకుంటారు ఇప్పటి పిల్లలు. ఆనాడు దానికి ప్రభుత్వమనే అర్థం వాడుకలో ఉండేది. ‘దొరతనమువారు’ అంటే గవర్నమెంటువారే. కవి వద్దన్నది తెల్లవాడి ఏలుబడిని.

ఆ కవి గరిమెళ్ల సత్యనారాయణ (1893–1952). పుట్టింది మీ వైపు కాదు, శ్రీకాకుళం ప్రాంతంలో నరసన్నపేట దగ్గరి గోనెపాడు. అలాగని మీ పెద్దల మాట తీసిపారేయలేం. ఆయన చదువు కోసం రాజమండ్రి వచ్చారు. సహాయ నిరాకరణ రోజుల్లో ఉద్యమంలో దిగారు. ఈ పాట రాసినందుకు ఏడాది కఠిన శిక్ష అనుభవించారు. ‘అండి’ కోస్తా అంతటా ఉన్నదే కాబట్టి దాన్నిబట్టి ఊరు తేల్చలేం. కానీ రాజమండ్రి వీధుల పలుకు ఆయన చెవికి పట్టిందనే నా నమ్మకం.

ఆ ‘అండి’ చేసే పని చూడండి. ‘రండి’లో అది క్రియలో భాగం, తీసేస్తే మాట నిలవదు. ‘లోపమండి’లో తీసేసినా వాక్యార్థం చెడదు, అక్కడ అది ఎదుటివారిని మర్యాదగా పలకరించడం. పల్లవిలో ‘దేవ’ అని దేవుడికి మొరపెట్టుకున్న గొంతు చరణంలో జనం వైపు తిరుగుతుంది:

‘పన్నెండు దేశాలు పండుచున్నా గాని పట్టెడన్నమె లోపమండి
ఉప్పు ముట్టుకుంటే దోషమండి’

గుప్పెడు, చారెడు లాంటి కొలతే పట్టెడు. వరి పండించే మీ డెల్టా పిల్లలకు ఆ పన్నెండు దేశాల పంటనూ ఈ పట్టెడు మెతుకులనూ పక్కపక్కన పెట్టి చూపండి. ఇక ఉప్పు సంగతి. 1930 ఉప్పు సత్యాగ్రహానికి ఏళ్ల ముందే ఈ పాదం జనం నోట ఉంది! పక్కనే సముద్రం ఉన్నా, సొంతంగా ఉప్పు తీసుకుంటే చట్టం ఒప్పుకోని కాలమది. చట్టం దృష్టిలో అది నేరం. కవి మాత్రం ‘దోషం’ అన్నారు. ‘లోపం’తో ప్రాస కుదరడం ఒక్కటే కాదు, ముట్టుకుంటే దోషం అనేది మైల, అంటుల గురించి ఇళ్లలో వినపడే మాట. రోజూ కూట్లో కలుపుకునే ఉప్పును కూడా తెల్లదొరతనం అంటరానిదాన్ని చేసిందని ఒక్క మాటలో పట్టిచ్చారు. అందుకే, అర్థం సులువవుతుందని ఎవరైనా అక్కడ ‘నేరమండి’ అని దిద్దబోతే ఒప్పుకోకండి.