ముందు లెక్కలు, తర్వాతే వెల్డింగ్ అనకండి

బడి మానేసి ఇరవై ఏళ్లయిన మీ బావగారికి వెల్డింగ్ కోర్సులో చేరాలని ఉన్నా, భిన్నాలంటేనే టెన్షన్ అని రాశారు కదండీ. ముందు లెక్కలన్నీ నేర్చుకుని తర్వాత చేరమనకండి, చాలామంది అక్కడే ఆగిపోతారు. చేతికి కొలత టేపు ఇవ్వండి. అంగుళంలో పావుకి అరపావు కలిపితే ఎనిమిదింట మూడు వంతులని ఆ గీతలే చెబుతాయి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్ర కాలేజీల 'ఐ-బెస్ట్' పద్ధతీ ఇంచుమించు ఇదే: పని నేర్పే మాస్టారు, చదువూ లెక్కలూ నేర్పే మాస్టారు ఒకే క్లాసులో ఉంటారు. అలాంటిది దొరక్కపోతే సాయంత్రం బ్యాచ్‌లో చిన్న సర్టిఫికెట్ కోర్సు చాలు. కాకపోతే అది రేపు డిప్లొమాలో చేరితే లెక్కలోకి వస్తుందో లేదో ఫీజు కట్టకముందే కనుక్కోండి. మా తమ్ముడు ఆ ఒక్క మాట అడక్క, చదివిందే మళ్లీ చదివాడు.