డ్రాగ్ కారులో (తిన్నని దారిలో కొద్ది దూరం పందేనికి వాడే కారు) పై గేరు పడగానే ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) ఎగిసి కారు వేగం పెరగకపోతే, ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ పోయినట్టేనా?

చాలాసార్లు కాదు, ఆ గేరును పట్టి ఉంచే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయని అర్థం. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఈ ప్లేట్లను బిగించి పట్టేది ఆయిల్ ప్రెషర్. ఆయిల్ తగ్గినా, ఫిల్టర్ మూసుకుపోయినా, పంపు అరిగినా, పిస్టన్ సీలు లీకైనా ఆ పట్టు సడలుతుంది. డ్రాగ్ కారుకు ఇంకో చిక్కుంది. స్టార్టింగ్ లైన్ నుంచి ఒక్కసారిగా దూకేటప్పుడు పాన్‌లోని (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ఆయిలంతా వెనక్కి పోయి, పంపు గాలిని పీల్చుకోవచ్చు.

పవర్‌గ్లైడ్ అనే రెండు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌నే తీసుకోండి. అందులో లో గేరును బ్యాండు (డ్రమ్ము చుట్టూ బిగిసే పట్టీ) పట్టి ఉంచుతుంది, హై గేరును క్లచ్ పట్టి ఉంచుతుంది. లో గేరులో కారు గట్టిగా లాగి, హై పడగానే ఇంజిన్ ఉత్తినే అరిస్తే ముందు హై క్లచ్‌నే అనుమానించాలి. కన్వర్టర్ రెండు గేర్లకూ ఒకటే కదా, అది పాడైతే లో గేరులోనే తెలిసిపోవాలి. ముందు గేజ్ పెట్టి ప్రెషర్ చూడండి, తర్వాత పాన్ విప్పండి. అడుగున నల్లటి పొడి, మాడు వాసన ఉంటే ప్లేట్లు కాలాయన్నమాట.

ఆయిల్ మారిస్తే సరిపోతుందని చాలామంది పొరబడతారు. కాలిన ప్లేట్లకు కొత్త ఆయిల్ పట్టు తేలేదు, గేర్‌బాక్స్ విప్పి మార్చాల్సిందే.